రబ్బరు స్టాంపు వేసినవాడి ఉత్తరం

హైదరాబాదు,
ఆదివారం

చిరంజీవి అమ్మడుకి పెదనాన్న దీవించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ల నొప్పులు మామూలే. నీ అపాయింట్‌మెంటు ఆర్డరు ఫొటో మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. వేళ్లతో పెద్దది చేసుకుని రెండుసార్లు చదివాను. మన ఇంట్లో సెక్రటేరియట్ కొలువు నాతోనే సరి అనుకున్నాను. నువ్వు ఏకంగా ఢిల్లీ సెక్రటేరియట్‌కే వెళ్తున్నావు. సంతోషం.

మొన్న ఫోనులో ఓ మాటన్నావు, గుర్తుందా? నేను రాష్ట్రపతి ప్రస్తావన తెస్తే, "ఆయనకో ఆవిడకో పనేముంటుంది పెదనాన్నా, రబ్బరు స్టాంపే కదా!" అని నవ్వేశావు. నేనూ నవ్వి మాట మార్చాను. ఫోను పెట్టేశాక మాత్రం చురుక్కుమంది. ముప్ఫై మూడేళ్లు రబ్బరు స్టాంపుతో అన్నం తిన్నవాణ్ని నేను.

ఏదైనా పాత జీవో తీసి చూడు. పైన ప్రభుత్వం పేరు, శాఖ పేరు, రిఫరెన్సుల చిట్టా, తర్వాత ఉత్తర్వు. చివర పెద్దక్షరాలతో, ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఉత్తర్వు మేరకు, ఆయన పేరున, అని ఉంటుంది. దాని కింద సెక్రటరీ పేరు. ఇంకా కింద, కాపీలు ఎవరెవరికి వెళ్లాలో రాసిన జాబితా కూడా అయిపోయాక, ఎవరి చూపూ పడని మూల, 'ఫార్వర్డెడ్ బై ఆర్డర్' అని రెండు గీతల మధ్య ఓ ముక్క, దాని కింద సెక్షన్ ఆఫీసరు పొట్టి సంతకం. ఆ పొట్టి సంతకం నాది. ఊదారంగు ఇంకు ప్యాడు మీద స్టాంపు అద్ది అద్ది నా కుడిచేతి బొటనవేలు అంచు రిటైరైన ఆరు నెలల దాకా ఆ రంగులోనే ఉందని మీ పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

నువ్వు వెళ్లే చోట గవర్నరు స్థానంలో రాష్ట్రపతి. రాజ్యాంగం 77వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వం చేసే ప్రతి కార్యనిర్వాహక చర్యా రాష్ట్రపతి పేరు మీదే వెలువడాలి. ఓ గుమాస్తా బదిలీ అయినా, ఓ అంతర్జాతీయ ఒప్పందం అయినా అంతే. ఆ కాగితాల మీద రాష్ట్రపతి తరఫున సంతకం చేసే అధికారం అండర్ సెక్రటరీ, ఆ పై హోదా వాళ్లకి ఉంటుంది. నువ్వు అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరువి కనక ఆ సంతకం నీది కాదు. కాని నోట్‌ఫైల్లో మొదటి పేరా నీది. ఈ ఉత్తరమంతా ఆ మొదటి పేరా గురించే. మధ్యలో నేను ఎటెటో తిరిగితే విసుక్కోకు.

రాష్ట్రపతి పేరుతో నీకిది మొదటి పరిచయం కూడా కాదు. గ్రూప్-2కి అప్లికేషను పెట్టిన ఏడాది, స్టడీ సర్టిఫికెట్ల కోసం మీ నాన్న స్కూటరేసుకుని నువ్వు చదివిన బళ్లన్నీ తిరిగాడు కదా, నాలుగో తరగతి ఎక్కడ, అయిదు ఎక్కడ అని. ఓ బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో పాత రిజిస్టర్లు దులిపించాడు. నువ్వు లోకలా, నాన్‌లోకలా అని తేల్చిన ఆ కాగితానికి మూలం 1975 అక్టోబరులో వచ్చిన ఉత్తర్వు. మనవాళ్లంతా 'ప్రెసిడెన్షియల్ ఆర్డర్' అంటారు. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం, 1973లో దాదాపు ఏడాది రాష్ట్రపతి పాలన, ఆరు సూత్రాల పథకం, 32వ సవరణతో 371-డి అధికరణ, ఆ అధికరణ కింద ఈ ఉత్తర్వు. అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఆయనేమీ మన పటం ముందేసుకుని జిల్లాలని జోన్లుగా గీయలేదు. ఎక్కడో ఓ సెక్షనులో నీలాంటి మనిషి కూర్చుని మొదటి ముసాయిదా రాసి ఉంటాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఉత్తర్వు మాత్రం రాష్ట్రపతిది.

అందులో మోసమేమీ లేదు, పద్ధతే అది. 53వ అధికరణ కార్యనిర్వాహక అధికారాన్ని మొత్తం రాష్ట్రపతి చేతిలో పెడుతుంది. 74వ అధికరణ వచ్చి, ఆ చెయ్యి ప్రధానమంత్రీ మంత్రిమండలీ చెప్పినట్టు కదలాలంటుంది. 75వది ఆ మంత్రిమండలిని లోక్‌సభకు జవాబుదారీ చేస్తుంది. పేరు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది, ఆ నిర్ణయాన్ని నిలదీసే హక్కు మరొకరిది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ గారు రాష్ట్రపతిని ముద్రతో పోల్చారు. దేశం తీసుకున్న నిర్ణయాలు ఆ ముద్రతో లోకానికి తెలుస్తాయన్నారు. కాబట్టి నువ్వన్నది మరీ కొత్త మాటేమీ కాదు. కాకపోతే ఆయన ముద్ర అన్నారు, నువ్వు రబ్బరు స్టాంపు అన్నావు.

మీ అన్నయ్య డాలస్ నుంచి ఫోను చేసినప్పుడల్లా అక్కడి ప్రెసిడెంటు రోజుకో ఉత్తర్వు మీద సంతకం చేసి కెమెరాకి చూపిస్తున్నాడని చెబుతాడు. అక్కడ పేరూ పనీ రెండూ ఒకే కుర్చీలో ఉన్నాయి. మంత్రులు ఆయన పెట్టుకున్న మనుషులు, సభ అవిశ్వాసం పెట్టి ఆయన్ని దించలేదు, ఆయన కాదన్న బిల్లు నెగ్గాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. ఆ కొలత తెచ్చి మన రాష్ట్రపతిని కొలిస్తే మరుగుజ్జులాగే కనిపిస్తారు. కొలిచే బద్దే వేరు అని వాడికి చెప్పి చెప్పి ఊరుకున్నాను.

ఇక అసలు సంగతి. స్టాంపు కాగితం మీద పడే ముందు గాలిలో ఓ క్షణం ఆగుతుంది చూశావూ, ఆ క్షణం ఎవరిది?

1975 జూన్ 25 రాత్రి. ప్రధాని ఇందిరాగాంధీ నుంచి రాష్ట్రపతికి ఓ లేఖ వెళ్లింది. అంతర్గత అత్యవసర పరిస్థితి ప్రకటించాలి, కేబినెట్‌లో పెట్టే వ్యవధి ఈ రాత్రికి లేదు, పొద్దున్నే పెడతాను అని దాని సారాంశం. రాష్ట్రపతి దగ్గర కార్యదర్శిగా ఉన్న బాలచంద్రన్ గారు ఆ లేఖ చూసి, ఈ రూపంలో ఇది రాజ్యాంగానికి ఒప్పదని రాష్ట్రపతికి చెప్పారు. తర్వాత ఎమర్జెన్సీ మీద విచారణ జరిపిన షా కమిషన్ ముందు ఆయనే ఆ విషయం వివరించారు. అర్ధరాత్రి కాకముందే సంతకం అయిపోయింది. మర్నాడు తెల్లవారుజామున మంత్రుల్ని పిలిచి చెప్పారు. ఆ ఏడాది చివర్లో అబూ అబ్రహాం వేసిన కార్టూన్ నువ్వు చూసే ఉంటావు. స్నానపు తొట్టిలో కూర్చున్న రాష్ట్రపతి తలుపు సందులోంచి ఆర్డినెన్సు అందిస్తుంటారు. నువ్వన్న రబ్బరు స్టాంపు అంటే అదీ.

ఆ కథలో అందరూ ఇందిరాగాంధీనో ఫక్రుద్దీన్ గారినో తలుచుకుంటారు. నాకు ఎప్పుడూ ఆ కార్యదర్శే గుర్తొస్తాడు. ఆయన మాట ఏమీ ఆపలేదు. కాని చెప్పాల్సినవాడు చెప్పాడు అన్నది రికార్డులో ఉంది. 1978లో 44వ సవరణ తెచ్చినప్పుడు, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించకూడదని 352వ అధికరణలో చేర్చారు. మొత్తం రాజ్యాంగంలో 'కేబినెట్' అనే మాట కనిపించేది అక్కడొక్కచోటే. ఆ రాత్రి లేని కాగితాన్ని అలా రాజ్యాంగంలోకి ఎక్కించారన్నమాట.

అదే సవరణ ఇంకో పనీ చేసింది. దానికి ముందు 1976లో 42వ సవరణ, మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడవాలి అని బిగించింది. 44వది దాన్ని విప్పలేదు గాని చిన్న సందు వదిలింది. సలహాని ఒక్కసారి వెనక్కి పంపి, మళ్లీ ఆలోచించమనొచ్చు. ఆలోచించాక ఏం చెబితే అది చెయ్యాలి. ఒక్కసారే. చాలా తక్కువ అనిపిస్తుంది. కాని 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెడదామన్న గుజ్రాల్ ప్రభుత్వ సిఫార్సుని కె.ఆర్. నారాయణన్ గారు వెనక్కి పంపితే, కేబినెట్ ఇక ఆ ఊసెత్తలేదు. మరుసటేడు బీహారు విషయంలో వాజపేయి ప్రభుత్వానికీ అదే చేశారు. పార్టీ మారింది, చూపు మారలేదు. బిల్లులకైతే ఆ సందు 111వ అధికరణలో మొదటినుంచీ ఉంది. 2006లో లాభదాయక పదవుల బిల్లుని కలాం గారు తిప్పి పంపారు. పార్లమెంటు మార్పేమీ చెయ్యకుండా మళ్లీ పంపింది, ఆయన సంతకం చేశారు. ఓడిపోయారని రాసిన పత్రికలున్నాయి. నేనలా అనుకోను. ఆ మూడు నెలలూ దేశంలో టీ కొట్టు దగ్గర కూడా లాభదాయక పదవి అంటే ఏమిటని జనం ఒకరినొకరు అడిగారు.

1986లో జైల్‌సింగ్ గారు ఇంకో దారి పట్టారు. జనం ఉత్తరాలు విప్పి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే తపాలా సవరణ బిల్లు మీద సంతకమూ పెట్టలేదు, వెనక్కీ పంపలేదు. బిల్లు ఎన్నాళ్లలో తేల్చాలో 111వ అధికరణలో గడువు లేదు మరి. ఫైలు మీద కూర్చోవడం తప్పని నేనే నీకు చెప్పాలి గాని, ఈ ఒక్క ఫైలు విషయంలో మాత్రం నాకు ఆయన మీద కోపం రాదు.

సలహా ఇవ్వడానికి నమ్మదగ్గ మంత్రిమండలే లేనప్పుడు ఏమిటి? అప్పుడు రాష్ట్రపతి నిజంగా ఒంటరి. మన ఇల్లూరు మనిషి, అనంతపురం జిల్లా, నీలం సంజీవరెడ్డి గారికి 1979లో ఆ ఇరకాటం వచ్చింది. పోటీ లేకుండా ఎన్నికైన ఒకే ఒక్క రాష్ట్రపతి ఆయన. జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. ఎవరి వెనక ఎందరున్నారో తేలక, పోటీ పడ్డ పక్షాలు ఎంపీల జాబితాలు పట్టుకుని రాష్ట్రపతి భవన్‌కి వచ్చాయి. సంజీవరెడ్డి గారు చరణ్‌సింగ్‌ని పిలిచారు, సభలో బలం నిరూపించుకోమన్నారు. జులై 28న ప్రమాణం. ఆగస్టు 20న సభ మొహం చూడకుండానే చరణ్‌సింగ్ రాజీనామా ఇస్తూ, లోక్‌సభని రద్దు చెయ్యమని సలహా ఇచ్చారు. జనతా పార్టీ నేత జగ్జీవన్‌రామ్ తనకో అవకాశం ఇమ్మని కాచుకు కూర్చున్నారు. ఆగస్టు 22న సంజీవరెడ్డి గారు సభని రద్దు చేశారు.

ఆ రోజు మీ తాతయ్య రేడియో కట్టేసి, "మనవాడు తొందరపడ్డాడ్రా" అన్నారు. సభలో ఒక్కరోజూ నిలబడని ప్రధాని ఇచ్చిన సలహాకి విలువెంత? విలువ లేదంటే, మరి ఎవరి సలహా వినాలి? జగ్జీవన్‌రామ్‌ని పిలిచి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అలా అంటూనే, ఆ కుర్చీలో నేనుంటే ఏం చేసేవాణ్నో చెప్పలేను. మామూలు రోజుల్లో ముద్ర అయినవారే అలాంటి నెలలో మనిషి కావాల్సి వస్తుంది. ఆ మనిషి చేసింది తప్పా ఒప్పా అని నలభై ఏళ్ల తర్వాత కూడా నాలాంటివాడు వరండాలో కూర్చుని తర్కిస్తుంటాడు.

రాష్ట్రపతి పాలన అంటే ఏదో పైనుంచి పిడుగు పడ్డట్టు ఉంటుందనుకుంటారు. 2014 మార్చిలో అది మన రాష్ట్రానికి వచ్చినప్పుడు మా సెక్షనులో ఏం మారిందో చెప్పనా? మంత్రి పేషీకి తాళం పడింది. అక్కడ ఎప్పుడూ పదిమంది నిలబడి ఉండే నడవాలో ఓ పిల్లి నిద్రపోయేది. ఫైళ్లు గవర్నరు గారి సలహాదారుల దగ్గరికి వెళ్లేవి. టీ మాత్రం పదకొండింటికే వచ్చేది. జీవోల అడుగున అదే వాక్యం, అదే స్టాంపు. ఆ మార్చి 1నే ప్రణబ్ ముఖర్జీ గారు రాష్ట్ర విభజన చట్టానికి ఆమోదం తెలిపారు. ఆ సంతకంతో మా బీరువాలోని ఫైళ్లు రెండు కుప్పలయ్యాయి. మూడు నెలలు జెరాక్సు మిషను వేడి చల్లారలేదు.

రాష్ట్రపతికి క్షమాభిక్ష పెట్టే అధికారమూ ఉంది, 72వ అధికరణ కింద. దానికి చిలకలూరిపేట సంగతి చెబుతాను. నువ్వప్పటికి పుట్టలేదు. 1993 మార్చిలో ఇద్దరు యువకులు దోపిడీ కోసం రాత్రి బస్సుకి నిప్పుపెట్టారు. 23 మంది కాలిపోయారు. ఉరిశిక్ష సుప్రీంకోర్టు దాకా ఖాయమైంది. క్షమాభిక్ష అర్జీని శంకర్‌దయాళ్ శర్మ గారు రాష్ట్రపతిగా ఉండగా తోసిపుచ్చారు. 1997 మార్చిలో ఉరికి రోజు కూడా పెట్టాక, ఆఖరి ఘడియలో కోర్టు ఆపింది. ఇంకో అర్జీ వెళ్లింది. రచయిత్రి మహాశ్వేతాదేవి లాంటి వాళ్లు కలగజేసుకున్నారు. నారాయణన్ గారు రాష్ట్రపతిగా ఉండగా 1998లో శిక్ష యావజ్జీవంగా మారింది. నేరం అదే, తీర్పు అదే, 72వ అధికరణా అదే. ఆ బస్సులో మనవాళ్లెవరైనా ఉంటే నేను ఏమనేవాణ్నో తెలియదు. కాని కాగితం రెండోసారి బల్ల మీదికి రావడం అంటే ఏమిటో అప్పుడే అర్థమైంది నాకు. హోంశాఖ నుంచి ఆ బల్ల దాకా వెళ్లే అలాంటి ఫైల్లో జైలు రికార్డు, వయసు, కుటుంబం, అన్నీ ఎవరో ఓ సెక్షనులో కూర్చుని కుదించి రాసినవే. ఒక్క పేజీ జారిపోతే ఒక మెడ.

ఆ రాసేవాడు ఎలా రాయకూడదో కూడా మన రాష్ట్రమే చూపించింది. ఏపూరు సుధాకర్ కేసని 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, దొరికితే చదువు. గవర్నరు పేరున ఇచ్చిన శిక్ష తగ్గింపుని కోర్టు కొట్టేసింది. ఆధారంగా పెట్టిన ఓ నివేదికలో ఖైదీ ఫలానా పార్టీకి మంచి కార్యకర్త అని ఉంది! శిక్ష తగ్గించడానికి అదా కారణం? రాసింది కింది ఉద్యోగి, పరువు పోయింది గవర్నరు ఉత్తర్వుది.

నాదీ ఒకటుంది, చెబితే గాని ఈ ఉత్తరం పూర్తికాదు. శాఖ పేరు అడక్కు. పేషీ నుంచి ఓ చీటీ వచ్చింది. ఓ లెక్చరరమ్మని ఫలానా ఊరికి బదిలీ చెయ్యాలని. బదిలీ మార్గదర్శకాల ప్రకారం ఆవిడని ఆ ఏడు కదపకూడదు. నాకు తెలుసు, ఆ పేరా నంబరుతో సహా తెలుసు. నోట్‌లో ఆ సంగతి రాయకుండా, "ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది" అని తేల్చేశాను. రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది, పేషీలో మొహాలు మాడతాయి, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. పైవాళ్లంతా నా నోట్ కింద సంతకాలు పెట్టుకుంటూ పోయారు. జీవో వచ్చింది, గవర్నరు పేరున. ఆవిడ కోర్టుకి వెళ్లింది, స్టే వచ్చింది, ఫైలు తెప్పించారు. మా సెక్రటరీ ఆ పేజీ తీసి, నా సంతకం మీద వేలు పెట్టి, "నిబంధన తెలీదా, తెలిసీ రాయలేదా?" అన్నారు. తెలీదంటే చేతకానివాణ్ని, తెలిసంటే దొంగని. నోరు పెగల్లేదు. రద్దు జీవో కూడా నేనే పంపాను, అదే స్టాంపు కొట్టి. ఆవిడ ఆ ఎండల్లో పిల్లాణ్ని చంకనేసుకుని మా నడవాలో నిలబడ్డ వారం రోజులూ నేను వేరే మెట్ల మీంచి దిగేవాణ్ని.

అందుకే చెబుతున్నాను. నోట్ రాసేటప్పుడు ముందు నిబంధన రాయి, తర్వాత ఇంతకుముందు ఇలాంటి కేసులో ఏం చేశారో రాయి, ఆ తర్వాత ఎవరేం కోరుతున్నారో రాయి. నిబంధన ఒప్పుకోకపోతే ఒప్పుకోదని తెలుగంత సూటిగా ఇంగ్లీషులో రాయి. 'పరిశీలించవచ్చు' అనే మాట వెనక దాక్కోకు. నోటిమాటగా ఆదేశం వస్తే, ఎవరు ఎప్పుడు చెప్పారో ఫైల్లో ఎక్కించు. పైవాళ్లు నీ నోట్‌ని కాదనొచ్చు, వాళ్లకా హక్కుంది. కాదన్నాక వాళ్లు చెప్పినట్టే ముసాయిదా రాసిపెట్టు, ముఖం ముడుచుకోకుండా. రాష్ట్రపతికే ఒక్కసారి కన్నా ఎక్కువ లేదు, నీకూ నాకూ ఎక్కడిది? ఆ ఒక్కసారీ పారేసుకోకు, అంతే.

భయపెట్టానేమో. 310వ అధికరణ ప్రకారం నీ ఉద్యోగం రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే అని ఎవరైనా బెదిరిస్తే, పక్కనే 311 ఉంది చూసుకోమను. విచారణ లేకుండా, నీ మాట వినకుండా ఊరికే తీసెయ్యలేరు. నిబంధన రాసినందుకు ఉద్యోగం పోయినవాణ్ని నా సర్వీసులో చూడలేదు. మంచి సీటు పోయినవాళ్లని మాత్రం చాలామందిని చూశాను. ఒకాయన్ని రికార్డు రూముకి వేస్తే, అక్కడ చల్లగా ఉందని రిటైరయ్యేదాకా కదల్లేదు.

ఢిల్లీలో ఇప్పుడంతా ఈ-ఆఫీసట కదా, ఇంకు ప్యాడు ఉండదు, బొటనవేలు శుభ్రంగా ఉంటుంది. ఫైళ్లలో ఏముందో మీ నాన్నకి చెప్పకు, నాకు అసలే చెప్పకు. నేను ఆగలేక ఎవరికో ఒకరికి చెప్పేస్తాను. గది దొరికాక అడ్రసు పంపు. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి రెండు సీసాలు కట్టి, మూతలకి ప్లాస్టరు చుట్టింది. రైల్లో సీసాలు నిలువుగానే ఉంచు. నూనె కారితే నీ సర్టిఫికెట్ల ఫైలు మీదే పడుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న